అయిదో కాలు

గురువారం వస్తే నుహ్రా పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మేకుకు తగిలించిన తాళంచెవుల గుత్తి తీసుకుని బయల్దేరేది. గుత్తికి ముప్పైఒక్క చెవులు. ముప్పైఒక్క ఇళ్ళ తలుపులు తీయాలి, కిటికీలు తెరవాలి, దుమ్ము ఊడవాలి, కుళాయిలు ఒకసారి తిప్పి చూడాలి, గడప మీద కాసేపు కూర్చోవాలి, మళ్ళీ ఒక్కొక్కటే మూసుకుంటూ రావాలి. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటేది.

మోసుల్ దగ్గరి బేత్ కెల్షాలో మొత్తం నలభైరెండు ఇళ్ళు. పొయ్యి వెలిగేది పదకొండింట్లోనే. సాయుధ మూకలు మీద పడ్డ ఆ చెడ్డ వేసవిలో ఊరు ఊరంతా కట్టుబట్టలతో కొండదారి పట్టింది. మూడేళ్ళకు కొందరు తిరిగొచ్చారు. రానివాళ్ళు వెళ్ళినచోటే ఉండిపోతూ తాళంచెవులు మాత్రం వచ్చేవాళ్ళ చేతికిచ్చి నుహ్రాకు పంపారు. వారానికోసారి తలుపు తియ్యి తల్లీ, ఇంటికి ఊపిరాడాలి అని కబురు. ఒకళ్ళు పంపారని ఇంకొకళ్ళు పంపారు. నుహ్రా ఎవరికీ కాదనలేదు.

ఆమెకు నలభైఆరేళ్ళు. పెళ్ళీడులో ఉండగా తల్లి మంచాన పడింది. తల్లి పోయాక తండ్రి మంచాన పడ్డాడు. తండ్రి పోయేసరికి పెళ్ళీడు కూడా పోయింది. ముప్పైఒక్క ఇళ్ళు తాళం వేసి తీసే ఈ మనిషి ఇంటికి మాత్రం తాళం లేదు. తాతల నాటి నుంచీ వాళ్ళది రాయి కాల్చి గోడల గచ్చు చేసే ఇల్లు. బట్టీ అంటించాక రాత్రీ పగలూ ఎవరో ఒకరు మేలుకుని నిప్పు చూడాలి కాబట్టి ఆ తలుపుకు గొళ్ళెమే బిగించలేదు. ఇంట్లో మనిషి ఉండగా తాళమెందుకన్నది ఆ ఇంటి లెక్క. కొండల్లో గుడారంలో ప్రాణం పోయేటప్పుడు కూడా తండ్రికి అదే దిగులు. "తాళం లేని ఇల్లు వదిలొచ్చాం నుహ్రా. మళ్ళీ ఎప్పుడూ దాన్ని ఖాళీగా వదలకు" అన్నాడు. నుహ్రా ఊళ్ళోకి తిరిగొచ్చిన మొదటి మనుషుల్లో ఒకతె అయింది. ఆనాటి నుంచి ఒక్క రాత్రి బయట పడుకోలేదు.

సందు మలుపులో సుర్మా అత్త ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంటుంది. డెబ్భై దాటాయి. కళ్ళు బాగా కనిపిస్తాయి, నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది. నుహ్రా గుత్తి చప్పుడు వినగానే ప్రతి గురువారం ఒకటే అడుగుతుంది.

"ఇంట్లో అంతా క్షేమమేనా?"

అక్కడ పలకరింపంటే అదే. ఎదుటి మనిషి ఒక్కరి గురించే అడగడం మర్యాద కాదు.

"క్షేమమే అత్తా" అనేది నుహ్రా. ఇంట్లో అంతా అంటే తనే. ఆ మాట చెప్పి ప్రతిసారీ నాలుగడుగులు గబగబా వేసేది.

ఖోషబా ఇల్లు గుత్తిలో తొమ్మిదోది. కిందటి శరత్కాలంలో ఆ ఇంటి పెరట్లో నీళ్ళ గొట్టం పగిలింది. బాగుచేసేవాడు రేపు రేపంటూ పది రోజులు తిప్పాడు. విసుగుపుట్టి నుహ్రాయే పార తీసుకుంది. మోకాలి లోతు తవ్వేసరికి పార రాతికి తగిలింది. మట్టి తోస్తే గుండ్రటి అంచు, దాని చుట్టూ వరసగా చెక్కిన ఈకలు.

సుర్మా గోడ మీంచి తొంగిచూసింది. "పోతూ పోతూ ఖోషబా స్నానాలతొట్టి పాతిపెట్టాడేమిటే?"

తొట్టి కాదు, కిరీటం. కిరీటం కింద కొమ్ములు, కొమ్ముల కింద పోగులున్న చెవులు, ఆ కింద చేటంత పెద్ద ముఖం. నుహ్రా తుడిచే గుడ్డ తడిపి కళ్ళు తుడిచింది. గడ్డంలో ఉంగరాల మధ్య మట్టి పట్టేసి ఉంటే పాత పళ్ళ బ్రష్షుతో సాయంత్రం దాకా తోమింది. తోమినంతసేపూ ఆ ముఖం ఆమెనే చూస్తూ ఉంది. తననలా తిన్నగా చూసే కళ్ళ ఎదుట కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. పని అయిపోయినా కాసేపు అక్కడే ఉండిపోయింది.

తరవాత మోసుల్ నుంచి తవ్వకాల శాఖ మనుషులొచ్చారు, గుడారాలొచ్చాయి, తోపుడుబళ్ళు వచ్చాయి. చలికాలం ముగిసేసరికి ఆ రాతివాడు, ఊరివాళ్ళు కావలాయన అని పేరు పెట్టినవాడు, పూర్తిగా బయటపడ్డాడు. మనిషి తల, ఎద్దు ఒళ్ళు, పక్కలకు రెక్కలు, ఎత్తు రెండు నిలువులు. ఎడమ రెక్క కొస విరిగి ఉంది. వెనకటి రాజుల కోటగుమ్మం కాసినవాడు. కాగితాలు రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు. ఎదురుగా నిలబడి చూస్తే కావలాయన రెండు ముందుకాళ్ళు పక్కపక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కకెళ్ళి చూస్తే, ఎదుట కనిపించిన ఒక కాలు కాక ఇంకో నాలుగు కాళ్ళతో నడుస్తున్నాడు. గుమాస్తా కాళ్ళు నాలుగు అని రాశాడు.

"అయిదు. సరిగ్గా చూడు నాయనా" అంది సుర్మా.

"ఎద్దుకు అయిదు కాళ్ళుంటాయామ్మా?"

"ఎద్దుకు గడ్డం ఉంటుందా? అది రాశావుగా?"

గుమాస్తా వినలేదు. నాలుగే రాసి ముద్ర కొట్టాడు. అప్పట్నుంచి ఊళ్ళో అందరూ ప్రభుత్వానిది నాలుగు కాళ్ళు, అయిదోది మనది అనుకున్నారు. అందుకే మార్చి నెలలో ఒకనాడు కావలాయన ఖోషబా గోడ బయట సందులో నిలబడి కనిపిస్తే, గోడ చెక్కు చెదరకపోయినా, ఎవరూ మోసుల్‌కు ఫోన్ చేయలేదు. కాగితంలో లేని కాలు వేసిన అడుగు గురించి కాగితం వాళ్ళకు ఏమని చెప్తారు? రొట్టెల బండివాడు ఆ సందు వదిలి పైసందులోంచి రావడం మొదలుపెట్టాడు. మర్నాడు కావలాయన ఇంకో అడుగు ముందుకున్నాడు. రోజుకొక అడుగు. ఆదివారం వేసేవాడు కాదు.

మట్టిపనికి పెద్ద ముత్లక్ మేస్త్రీ. షర్కాత్ అనే ఊరి నుంచి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో అయిదు తరాలుగా ఇదే పని. గునపం దెబ్బ చప్పుడు విని ఇది ఉత్త మన్ను, ఇది గోడ అని చెప్పగలడు. ఖోషబా పెరట్లో కావలాయన దొరికిన గుంటలో దిగి ముత్లక్ తల గోక్కున్నాడు.

"ఈయన ఒక్కడే ఉండడు చెల్లెమ్మా" అన్నాడు నుహ్రాతో. "ఎప్పుడూ ఇద్దరు. అటొకడు, ఇటొకడు, మధ్యలో గుమ్మం. జత ఎక్కడో ఇక్కడే ఉండాలి."

వారం తవ్వారు. గుమ్మానికి అవతల జోడు ఉండాల్సినచోట పీఠం ఉంది, పీఠం మీద ఎవరూ లేరు. ఆ పక్కనే గుండ్రంగా కాలిన గుంట, బూడిద, సగం కాలి పెళ్ళలైన పాలరాయి. ఒక పెళ్ళ మీద ఈక చెక్కి ఉంది.

ముత్లక్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గచ్చుబట్టీ. ఎవడో మహానుభావుడు కాల్చి గోడలకు పూసేశాడు."

నుహ్రా అక్కణ్ణుంచి వచ్చేసింది. ఆ మహానుభావుడెవరో ఆమెకు తెలుసు. తాత షాబో. ఇంట్లో చిన్నప్పట్నుంచి విన్న కథే. తాతకొకసారి ఇంటంత తెల్లరాయి దొరికిందట. మూడేళ్ళపాటు కాల్చినా తరగలేదట. ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నిటికీ ఆ గచ్చే పూశారట. తాత తన ఇంటి ద్వారబంధానికైతే మూడు వేళ్ళ మందం పట్టించాడు. ఆ తెల్లదనం చూడ్డానికి పై ఊళ్ళ నుంచి జనం వచ్చేవాళ్ళట. నాన్న ఆ కథ గొప్పగా చెప్పేవాడు. ఆ రోజు నుహ్రా ఇంటికెళ్ళి ద్వారబంధం మీద చెయ్యి పెట్టి నిలబడింది. అన్నం తినబుద్ధి కాలేదు.

విరిగిన రెక్క అతకడానికి ఏప్రిల్‌లో హొర్మిజ్ వచ్చాడు. అల్కోష్ ఊరి రాతిపనివాడు, యాభై దాటాడు, భార్య పోయి ఆరేళ్ళు. మొదటిరోజు పరంజా కట్టుకుని వెళ్ళి, రెండోరోజు వచ్చి చూస్తే పరంజా ఒకచోట, కావలాయన ఒకచోట.

"నిన్న ఇక్కడున్నాడు కదా?" అనడిగాడు అటుగా వెళ్తున్న నుహ్రాను.

"నిన్న ఇక్కడే ఉన్నాడండి."

హొర్మిజ్ భుజాన సంచీ కింద పెట్టాడు. తరవాత పరంజా విప్పి కావలాయన దగ్గరికి మోసి మళ్ళీ కట్టుకున్నాడు. ఆ మర్నాటి నుంచి పరంజాకు చక్రాలు బిగించాడు. రాతిని ఎక్కడుంటే అక్కడికెళ్ళి పలకరించాలి గాని రమ్మని పిలవలేం కదండీ అన్నాడు. నుహ్రాకు నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి గబుక్కున మూతి బిగించుకుంది.

రోజూ రెండు గ్లాసుల టీ పట్టుకెళ్ళడం ఎప్పుడు మొదలైందో ఆమె గమనించలేదు. సుర్మా గమనించింది.

"ఏమే, కావలాయన టీ తాగుతున్నాడా?"

"మేస్త్రీకి అత్తా."

"ఏ మేస్త్రీకి అనడిగానా నేను?"

కొత్త రాతి రెక్క చెక్కడానికి వేసవంతా పట్టింది. అతకడానికి గచ్చు కావాలి. బజారు గచ్చు రెండుసార్లు పూస్తే రెండుసార్లూ ఎండి రాలిపోయింది. పాతపద్ధతిలో కాల్చి కలిపేవాళ్ళు ఎవరున్నారని హొర్మిజ్ ఊరంతా అడిగాడు. అందరూ నుహ్రా వైపే చూశారు.

ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే సుత్తి, ఉలి తీసుకుని తన ఇంటి తలుపు వెనకాల గోడ గచ్చు గంపెడు చెక్కింది. పాతగచ్చును దంచి మళ్ళీ కాలిస్తే మళ్ళీ గచ్చవుతుంది. ఆ సంగతి ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుసు. పెరట్లో చిన్న బట్టీ పేర్చి కాల్చింది, దంచింది, జల్లెడ పట్టింది. గిన్నె పట్టుకుని పరంజా ఎక్కింది.

"నీళ్ళు పోశాక నలభై లెక్కపెట్టేలోపు పట్టించెయ్యాలి. తరవాత రాయే" అంది.

ఆమె కలిపింది, లెక్కపెట్టింది. అతను పట్టించాడు. ముప్పైఅయిదు దగ్గర ఇద్దరి చేతులూ రెక్క మీద ఒకేచోట ఉన్నాయి. నలభై అయింది. రెక్క కదల్లేదు. ఇద్దరిలో ఎవరూ చెయ్యి వెంటనే తీయలేదు.

అప్పుడు నుహ్రా తాత సంగతి చెప్పింది. బట్టీ ఎవరిదో, జోడు ఏమైందో, గంపలో గచ్చు ఎక్కడిదో, తడబడకుండా మొత్తం చెప్పింది. కింద రాళ్ళు ఏరుతున్న ముత్లక్ కూడా విన్నాడు. పెద్ద తిట్టు కోసం ఆమె తలవంచుకుని కూర్చుంది.

ముత్లక్ గడ్డం నిమురుకున్నాడు. "మా తాతలు తవ్వి తీశారు, మీ తాత కాల్చి పూశాడు. అందరిదీ పొట్టకూటి పనే చెల్లెమ్మా." చేతిలో రాయి పక్కన పెట్టి, "అయితే ఈయన ఊరికే తిరగట్లేదన్నమాట. ఇన్నాళ్ళూ ప్రతి గోడ దగ్గరా ఆగుతున్నాడు, చూశావా? జోడు ఏ ఇంట్లో ఉన్నాడో తెలియట్లేదు పాపం. అన్ని ఇళ్ళలోనూ ఉన్నాడు" అన్నాడు.

ఆ మర్నాడు కావలాయన పైసందుకు పోకుండా తల ఇటు తిప్పుకుని నిలబడ్డాడు. నుహ్రా ఇంటి సందు అది. రోజుకొక అడుగు చొప్పున దిగి వస్తున్నాడు.

సెప్టెంబరు శిలువపండగ దగ్గరపడింది. పండగ మర్నాడు గుడారాలు ఎత్తేస్తారని తెలిసింది. ఒకరోజు టీ తాగి గ్లాసు ఇస్తూ హొర్మిజ్ అన్నాడు. "అల్కోష్‌లో నాకు రెండు గదుల ఇల్లుంది. దానిమ్మ చెట్టుంది. వంట నాకు సరిగా రాదు, ముందే చెప్తున్నాను. మీకిష్టమైతే పెళ్ళికి చర్చిలో ఖాషా గారితో మాట్లాడదాం."

నుహ్రా గ్లాసులో అడుగున మిగిలిన చక్కెర వైపు చూసింది. ఇష్టమే. ఎంత ఇష్టమంటే ఆ మాట వినగానే ఆమెకు భయమేసింది.

"మా ఇంటికి తాళం లేదండి."

"కొందాం. అదెంతపని?"

"తాళం సంగతి కాదు. ఇంట్లో మనిషుండాలి. నాన్నకు మాటిచ్చాను. ఒకసారి వదిలిపోయి చూశాం కదా."

"ఆ ముప్పైఒక్క ఇళ్ళకీ తాళాలే కదా కాపలా?"

"వాటికి నేనున్నాను. మా ఇంటికి ఎవరున్నారు?"

హొర్మిజ్ బతిమాలలేదు. రాయి ఎక్కడుంటే అక్కడికెళ్ళే మనిషి కదా, తానే ఇక్కడికొచ్చి ఉండిపోదామా అని కూడా ఆలోచించాడు. కాని అల్కోష్‌లో మంచంలో ఉన్న అన్నగారిని చూసుకోవాల్సింది అతనే. ఆ సంగతి చెప్పి, "పండగ మర్నాడు పొద్దున బయల్దేరతాను. అప్పటిదాకా నా మాట అలాగే ఉంటుంది" అన్నాడు.

పండగనాడు డాబాల మీద మంటలు వేశారు. పదకొండు డాబాల మీదే. నుహ్రా తన డాబా మీద ఒక్కతే మంట వేసి, ఆరిపోయేదాకా కూర్చుని, దిగి వచ్చింది. కావలాయన అప్పటికి సుర్మా పీట దగ్గర ఉన్నాడు. అక్కణ్ణుంచి నుహ్రా గడపకు ఇంకా పందొమ్మిది అడుగులు.

తెల్లవారితే గురువారం. బండి కదలడం చూడలేక ఆమె వెలుగు రాకముందే గుత్తి తీసుకుని పోయింది. పరధ్యానంగా, ఊడవకుండానే, నాలుగు ఇళ్ళు తెరిచింది. అయిదో ఇంటి దగ్గర చీపురు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. వెనక్కి వచ్చింది.

ఇంటి గుమ్మంలో కావలాయన ఉన్నాడు.

గుమ్మం నిండా ఉన్నాడు. ఒక భుజం ద్వారబంధం తెల్లగచ్చులో ఉన్న జోడుకు ఆనించి, ముఖం సందువైపు పెట్టి ఉన్నాడు. రెండు ముందుకాళ్ళు పక్కపక్కన ఉన్నాయి. ఒళ్ళంతా ఇంట్లోకి పోయింది. పక్కనుంచి చూడ్డానికి చోటు లేదు, అటూ ఇటూ గోడే. ఇక ఎవరు ఎక్కడ నిలబడి చూసినా ఆయన నిలబడే కనిపిస్తాడు.

"నువ్వలా వెళ్ళావో లేదో బయల్దేరాడు" అంది సుర్మా పీట మీంచి. "పందొమ్మిది అడుగులూ ఒక్క ఊపులో వేశాడు. నేను పక్కనుంచి చూశాగా."

"నేను లోపలికెళ్ళాలి కదత్తా. చీపురు లోపలుంది."

"నా చీపురు తీసుకుపో. నీకిక లోపలేం పని?"

నుహ్రా ఆ ముఖం వైపు చూసింది. మొదటిరోజు తడిగుడ్డతో తుడిచిన కళ్ళే. ఇప్పుడు ఆమెను చూడట్లేదు. ఆమె భుజం మీంచి సందు మొదటిదాకా చూస్తున్నాయి. ఎవరొస్తారో అని చూస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆమె చూసినట్టే. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి కొక్కానికున్న శాలువా అందుకుంది. లోపల గది చల్లగా, నిండుగా ఉంది.

చావడి దగ్గర ముత్లక్ జల్లెడలు బండిలో సర్దుతున్నాడు. హొర్మిజ్ అప్పటికే మూడుసార్లు బిగించిన తాడును మళ్ళీ విప్పి బిగిస్తున్నాడు. ఆమె వచ్చి నిలబడేసరికి తాడు వదిలేశాడు.

"నాకింకా ఇరవైఏడు ఇళ్ళున్నాయి" అంది నుహ్రా. "అవి తెరిచి మూసేదాకా ఆగుతారా?"

"ఆగుతాను. తోడు రానా?"

"ప్రతి గురువారం మళ్ళీ రావాలి నేను."

"గురువారం నాకు పనేం ఉండదు" అన్నాడు. చీపురు అతనే పట్టుకున్నాడు.

ఇరవైఏడు గడపల మీదా ఆ రోజు ఇద్దరు కూర్చున్నారు. ఖోషబా పెరట్లో గొట్టం మళ్ళీ కారుతుంటే హొర్మిజ్ గుడ్డ చుట్టి బిగించాడు. మూడు దాటాక బండి సందు మలుపు దగ్గరికొచ్చింది. ముత్లక్ వెనకాల జల్లెడల మధ్య ఎక్కి కూర్చున్నాడు. సుర్మా పీట మీంచి లేవలేదు. గుత్తి చప్పుడు వినగానే, ఏ గురువారమైనా అడిగినట్టే, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంట్లో అంతా క్షేమమేనా?"

నుహ్రా బండి కిటికీలోంచి తల బయటపెట్టి ఇంటివైపు ఒకసారి చూసింది.

"క్షేమమే అత్తా" అంది. "ఇద్దరూ బాగున్నారు."